విజిల్ స్టాప్‌లో అందరికీ తెలుసు

మనలో నవలలు చదివే తీరిక ఎంతమందికి వుంది? మీటింగులు, కేసులు, రిపోర్టులు, కోర్టు వాయిదాలు. వీటి మధ్య చేతికి దొరికే పుస్తకం కూడా ఏ ట్రైనింగ్ మాన్యువలో అయివుంటుంది. అందుకే ఒక స్నేహితురాలు "ఇది నువ్వు చదవాలి" అంటూ ఒక అమెరికన్ నవలని నా సంచీలో పెడితే, రెండు నెలలపాటు దాన్ని బయటికి తియ్యలేదు. ఒకరోజు బస్సులో మొదలుపెట్టాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ నవల పేరు 'ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్ ఎట్ ది విజిల్ స్టాప్ కెఫే'. రాసింది ఫానీ ఫ్లాగ్. 1987లో అచ్చయింది. పచ్చి టమాటాలతో మనం పచ్చడి చేసుకుంటాం, పప్పులో వేసుకుంటాం. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చక్రాల్లా కోసి మొక్కజొన్నపిండిలో దొర్లించి వేయిస్తారు. ఆ వంటకం అమ్మే చిన్న హోటలు, అలబామా రాష్ట్రంలో రైలు పట్టాల పక్కన వున్న విజిల్ స్టాప్ అనే చిన్న ఊరు, ఆ హోటలు నడిపే ఇద్దరు స్త్రీలు, ఇదీ కథా స్థలం. ఊరు కల్పితమే గానీ, అలబామాలోనే ఐరన్‌డేల్ అనేచోట రచయిత్రి బంధువు నడిపిన హోటలు దీనికి ఆధారం.

ఆ ఇద్దరూ ప్రేమికులు. 1924 వేసవిలో చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పడానికి రూత్ అనే యువతి ఆ ఊరొస్తుంది. ఇడ్జీ ఆ ఇంటి పిల్ల. మగపిల్లాడిలా చెట్లెక్కి తిరుగుతుంది, గౌను వేసుకోమంటే వినదు. రూత్‌ని చూసిన దగ్గర్నుంచీ ఆమెకి వేరే లోకం లేదు. అప్పుడు ఇడ్జీ తల్లి ఏం చేస్తుందో చూడండి. మిగతా పిల్లల్ని దగ్గరికి పిలిచి, ఇడ్జీకి రూత్ మీద మనసైంది, ఎవరూ నవ్వి ఏడిపించొద్దు అని చెబుతుంది. అంతే! దయ్యం పట్టిందనదు, డాక్టరు దగ్గరికి తీసికెళ్ళదు. ఈ ఒక్క పేజీని నేను మళ్ళీ వెనక్కి తిప్పి చదివాను.

కానీ రూత్ వెళ్ళిపోతుంది. ముందే నిశ్చయమైన పెళ్ళి వుంది. జార్జియా రాష్ట్రంలో ఫ్రాంక్ బెనెట్ అనే ఆస్తిపరుణ్ణి చేసుకుంటుంది. అతను కొడతాడు. ఆ తర్వాతి కథ మనకి కొత్త కాదు, మన ఆఫీసు బెంచీ మీద కూర్చుని ఎంతమంది చెప్పలేదు! రూత్ తల్లి చనిపోయాక ఇడ్జీకి ఒక కవరు వస్తుంది. అందులో ఉత్తరం లేదు. బైబిలు లోంచి చింపిన ఒక కాగితం వుంది. రూతు గ్రంథం మొదటి అధ్యాయం. చర్చికి వెళ్ళే మన అక్కచెల్లెళ్ళకి ఆ మాటలు కంఠతా వుంటాయి. భర్త చనిపోయిన కోడలు, అత్త నయోమిని వదిలి వెళ్ళనని చెప్పే మాటలవి. పెళ్ళిళ్ళలో భార్యాభర్తలకి చదివి వినిపిస్తుంటారు గానీ, నిజానికి అది ఒక స్త్రీ మరొక స్త్రీకి ఇచ్చిన మాట. కాగితం అందగానే ఇడ్జీ తన అన్నల్ని, ఆ ఇంట్లో పనిచేసే నల్లజాతి మనిషి బిగ్ జార్జిని వెంటబెట్టుకుని వెళ్ళి రూత్‌ని తీసుకొస్తుంది. అప్పటికి రూత్ గర్భవతి. ఇడ్జీ తల్లిదండ్రులు నువ్వు ఇక మా మనిషివేనని రూత్‌తో అంటారు. తండ్రి, నీకిప్పుడు బాధ్యత వచ్చింది అని ఇడ్జీ చేతిలో 500 డాలర్లు పెడతాడు. ఆ డబ్బుతో హోటలు తెరుస్తారు. బిడ్డని ఇద్దరూ కలిసి పెంచుతారు.

1930లో ఫ్రాంక్ బెనెట్ కనపడకుండా పోతాడు. అతణ్ణి ఎవరు ఏం చేశారన్నదే నవలలో ముడి. అంతకుముందు ఇడ్జీ క్షౌరశాలకి వెళ్ళి నలుగురి ముందూ, రూత్ మీద మళ్ళీ చెయ్యి వేస్తే చంపుతానని బెదిరించి వచ్చింది. కాబట్టి అనుమానం ఆమె మీదే. జార్జియా నుంచి పోలీసులు వస్తారు, ఆ హోటల్లోనే భోజనం చేస్తారు, ఏమీ దొరక్క వెళ్ళిపోతారు. పాతికేళ్ళకి, 1955లో, ఇడ్జీనీ బిగ్ జార్జినీ కోర్టులో నిలబెడతారు. రూత్ అప్పటికే చనిపోయింది. ఇడ్జీ జీవితమంతా ఆటపట్టించిన పాస్టరు గారు వచ్చి, ఆ రోజు వీళ్ళు మా సువార్త సభల్లో వున్నారని అబద్ధపు సాక్ష్యం చెబుతాడు. కేసు కొట్టేస్తారు.

చదవబోయేవాళ్ళు క్షమించాలి. హంతకులెవరో చెప్పకుండా నేను చెప్పదలచుకున్నది చెప్పలేను. చంపింది సిప్సీ అనే నల్లజాతి వంటమనిషి. పసివాణ్ణి ఎత్తుకుపోవడానికి వచ్చిన ఫ్రాంక్‌ని బరువైన ఇనప పెనంతో కొట్టింది. శవాన్ని ఏం చేశారంటారా? పోలీసులు మెచ్చుకుంటూ తిన్న మాంసం కూర సంగతి మీరే చదువుకోండి.

చిన్న ఊరి మిస్టరీ నవల అంటే, ఊరి పెద్దమనుషుల గుట్టు ఒక్కొక్కటే బయటపడుతుందని మనం ఎదురుచూస్తాం. ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమ అందులో వుంటే, అదే పెద్ద గుట్టు అయివుంటుందనుకుంటాం. ఇక్కడ తారుమారైంది. ప్రేమ ఊరందరికీ తెలుసు, అందులో దాచేదేమీ లేదు. దాచింది హత్య. అదీ భార్యని హింసించిన మగవాడి హత్య. ఊరంతా ఒక్కటై నోరు మూసుకోవడమంటే మన అనుభవంలో ఏమిటి? 'స్టవ్ పేలి పోయింది' అని వీధి వీధంతా ఒకే మాట చెప్పడం. పంచనామాలో పక్కింటివాళ్ళు 'భార్యాభర్తలు అన్యోన్యంగా వుండేవారు' అని సంతకాలు పెట్టడం. ఊరి మౌనం ఎప్పుడూ ఎవరి పక్షాన పనిచేస్తుందో మనం చూస్తూనే వున్నాం. అదే మౌనం ఒక్కసారి ఇటువైపు నిలబడితే ఎలా వుంటుందో ఈ నవల చూపిస్తుంది. దెబ్బలు తినే భార్యల కేసులు ఏళ్ళ తరబడి రాసుకున్న చేతులకి అది ఎంత వూరటో నేను దాచుకోను. భర్తల్ని పెనాలతో కొట్టమని నేనేమీ రాయడం లేదు. ఆ సంతోషం మాత్రం నిజం.

నవలని 1991లో సినిమా తీశారు. దర్శకుడు జాన్ ఆవ్నెట్. స్క్రీన్‌ప్లేలో ఫానీ ఫ్లాగ్‌కి భాగముంది. సినిమా బాగా ఆడింది. ఆడవాళ్ళు విరగబడి చూశారు. కానీ అందులో రూత్, ఇడ్జీ ప్రాణస్నేహితులు మాత్రమే. పిల్లల్ని నవ్వొద్దని చెప్పిన తల్లి మాట లేదు. వంటింట్లో ఒకరి మీద ఒకరు పిండీ పళ్ళూ విసురుకుంటూ నవ్వుకునే దృశ్యం ఒకటి వుంది, అదే వాళ్ళ ప్రేమ దృశ్యమని దర్శకుడు తర్వాత చెప్పుకున్నాడు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివాళ్ళ డబ్బూ వస్తుంది! అయినా స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం పనిచేసే అమెరికన్ సంస్థ ఒకటి ఆ సినిమాకి అవార్డు ఇచ్చింది. ఆ రోజుల్లో దొరికిన ఆ కాస్తకే సంబరపడ్డారన్నమాట.

వాళ్ళని వెక్కిరించే ముందు మన సంగతి చూసుకోవాలి. 1998 డిసెంబరులో దీపా మెహతా 'ఫైర్' సినిమా ఆడుతున్న థియేటర్ల మీద ముంబైలో, ఢిల్లీలో దాడులు జరిగినప్పుడు స్త్రీల సంఘాలు రోడ్డెక్కాయి. నిజమే. అయితే చాలామందిమి భావప్రకటనా స్వేచ్ఛ గురించి మాట్లాడాం, సెన్సారు గురించి మాట్లాడాం, కోడళ్ళ ఒంటరితనం గురించి మాట్లాడాం. లెస్బియన్ అన్న మాటని కొందరే అట్టల మీద రాసి పట్టుకున్నారు. ఇప్పుడీ గొడవెందుకు, అసలు సమస్య పక్కదారి పడుతుంది అని వాళ్ళతో వాదించినవాళ్ళు మనలోనే వున్నారు. ఇడ్జీ, రూత్‌లని స్నేహితులుగా మార్చిన సినిమావాళ్ళకీ మనకీ ఎంత తేడా వుందంటారు?

నవలకి ఇంకో కాలం కూడా వుంది. 1980ల మధ్యలో, ఒక వృద్ధాశ్రమంలో నిన్నీ అనే ఎనభయ్యారేళ్ళ ముసలావిడ ఈ కథనంతా ఎవెలిన్ అనే గృహిణికి చెబుతూ వుంటుంది. ఎవెలిన్ తన బతుకు తలచుకునే చోటొకటి వుంది. ఎవరేమంటారోనని పెళ్ళిదాకా ఒళ్ళు జాగ్రత్త చేసుకుంది. ముసలికన్య అంటారని పెళ్ళి చేసుకుంది. మగాళ్ళంటే పడదంటారని, ఇంకా అనరాని మాట ఏదో అంటారని స్త్రీవాదం జోలికే పోలేదు. చివరికి ఎవడో కుర్రాడు బజార్లో అకారణంగా ఆ తిట్లన్నీ తిట్టి పోయాడు. పేర్లకి భయపడి బతుకంతా సర్దుకున్నా పేర్లు తప్పలేదు. నిన్నీ మాత్రం ఆ ఇద్దరి సంబంధానికి ఎక్కడా ఏ పేరూ పెట్టదు. వాళ్ళు అలా వుండేవారు, అంతే.

పేరు లేకపోవడం బాగానే వుంది కదా అనిపిస్తుంది చదువుతుంటే. మన భాషలో కూడా స్నేహం, నేస్తం, సోపతి లాంటి మెత్తని మాటలున్నాయి. వాటి చాటున ఎందరో స్త్రీలు బతికారు, బతుకుతున్నారు. ఇద్దరు టీచరమ్మలు, ఇద్దరు నర్సులు ఒకే ఇంట్లో ముప్ఫైయేళ్ళు వుంటే ఊరు ఏమీ అడగని సందర్భాలు మనకి తెలియనివి కావు. ఆ మౌనంలో కొంత మర్యాద కూడా వుందని ఒప్పుకుంటాను. కానీ అది ఎప్పటిదాకా? పెళ్ళి సంబంధం వచ్చేదాకా, ఆస్తి పంపకం వచ్చేదాకా, ఆస్పత్రిలో 'పేషెంటుకి మీరేమవుతారు' అని అడిగేదాకా.

2004లో మా కౌన్సెలింగ్ సెంటరుకి జరిగినది చెబుతాను. ఏ ఊరో, ఏ సంస్థో అనవసరం. ఇద్దరమ్మాయిలు. ఒకామె కుట్టు నేర్చుకుంటోంది, ఇంకొకామె ఆ షాపులోనే పనిచేస్తోంది. ఇద్దరూ మేజర్లే. ఒకామె అన్నలు మిస్సింగ్ కేసు పెట్టారు. పోలీసులు వాళ్ళని వేరే జిల్లాలో పట్టుకుని, ఆడపిల్లల వ్యవహారం కదా మీరే మాట్లాడండి అని మా దగ్గరికి తెచ్చారు. మేము మంచిగానే మాట్లాడాం. ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాం. టీ ఇచ్చాం. మీ అమ్మ అన్నం తినడం లేదమ్మా అన్నాం. చిన్నామె నాతో ఒకటే మాట అంది: "నేను తప్పిపోలేదక్కా, నేనే వచ్చేసిన." నేను విన్నాను. విని, రిజిస్టర్లో 'నచ్చజెప్పి కుటుంబ సభ్యులకు అప్పగించడమైనది' అని రాశాను. నా చేతి రాతే. ఆరు నెలల్లో ఆమెకి పెళ్ళి చేశారని తెలిసింది. రెండో అమ్మాయి ఒకసారి వచ్చి, ఎక్కడిచ్చారో చెప్పమని అడిగింది. నేను చెప్పలేదు.

అదే రూత్ అయితే? భర్త ఇంట్లోంచి ఆమెని తీసుకొచ్చిన రోజున ఫ్రాంక్ బెనెట్ పోలీస్ స్టేషనుకి వెళ్ళి నా భార్య కనపడటం లేదని రాసిస్తే, ఆమెని మా దగ్గరికి తెస్తే, మేమేం చేసేవాళ్ళం? అతను కొడతాడు కాబట్టి ఆమెని అప్పగించేవాళ్ళం కాదు, ఆ మాత్రం నేర్చుకున్నాం. కొట్టని భర్త అయితేనో? మంచి తండ్రి, మంచి అన్నలయితేనో? హింస వుంటేనే స్త్రీ ఇల్లు విడిచి రావచ్చనీ, ప్రేమ వుంటే మాత్రం రాకూడదనీ మనకి ఎవరు చెప్పారు?

ఈ నవల అచ్చయిన 1987లోనే మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు ఒకరినొకరు పెళ్ళి చేసుకున్నారు. ఉద్యోగాలు పీకేశారు. ఆ తర్వాత చాలా జరిగింది. సెక్షన్ 377ని ఢిల్లీ హైకోర్టు 2009లో కుదిస్తే, సుప్రీంకోర్టు 2013లో తిరగదోడింది, 2018 సెప్టెంబరు 6న వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలు నేరం కాదంది. 2023 అక్టోబరు 17న మాత్రం వివాహ హక్కుని కోర్టు గుర్తించలేదు. ఇవన్నీ పేపర్లలో చదివాం, చర్చించాం. మన ఆఫీసు బల్ల దగ్గర పనికొచ్చే తీర్పులు వేరే వున్నాయి, వాటి గురించి అంతగా చర్చ లేదు. మధురై నుంచి చెన్నైకి వచ్చేసిన ఇద్దరు యువతుల కేసులో మద్రాసు హైకోర్టు 2021లో చాలా స్పష్టంగా చెప్పింది. మిస్సింగ్ ఫిర్యాదులో వున్నవాళ్ళు ఇష్టపడి కలిసివున్న వయోజనులని తేలితే, వాంగ్మూలం తీసుకుని, వేధించకుండా ఫిర్యాదు మూసెయ్యాలి. ఆ కేసు విన్న న్యాయమూర్తి, ఈ విషయం నాకు తెలియదని ఒప్పుకుని ముందు తానే ఒక కౌన్సెలర్ దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. మనలో ఎంతమందిమి ఆ పని చేశాం? 2024 మార్చిలో సుప్రీంకోర్టు, హెబియస్ కార్పస్ పిటిషన్లలో ఇలాంటివాళ్ళని కుటుంబం ఎదుట కాకుండా విడిగా కలిసి మాట్లాడాలనీ, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చెయ్యకూడదనీ న్యాయస్థానాలకి మార్గదర్శకాలిచ్చింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, ఇంట్లో బంధించిన ఒక యువతిని విడిపిస్తూ, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనంది.

ఇంకొకటి. 2005 గృహహింస చట్టాన్ని మనం భార్యాభర్తల చట్టంగా మాత్రమే వాడుతున్నాం. రక్తసంబంధం వున్న కుటుంబంలోని స్త్రీలకి కూడా అది వర్తిస్తుంది. ప్రొటెక్షన్ ఆఫీసరు నింపే రిపోర్టు ఫారం తీసి చూడండి. ఇష్టంలేని పెళ్ళికి బలవంతపెట్టడం, ఇల్లు కదలనివ్వకపోవడం హింస కింద అందులో రాసే వున్నాయి. ఆ గడులు మనం ఎన్నిసార్లు నింపాం?

నవల మీద నాకున్న పేచీ కూడా చెప్పాలి. విజిల్ స్టాప్ ఊరి మంచితనం అందరికీ అందే మంచితనం కాదు. ఇడ్జీ తెల్లజాతి పిల్ల, తండ్రికి వ్యాపారముంది, చేతిలో పెట్టడానికి 500 డాలర్లున్నాయి. అదే హోటల్లో నల్లజాతివాళ్ళకి భోజనం పెరటి గుమ్మం దగ్గరే. అది కూడా ఓర్వలేక ఊరివాళ్ళు అభ్యంతరం చెబుతారు, ఆ చెప్పేవాళ్ళలో ఇడ్జీ స్నేహితులే వున్నారు. హత్య బయటపడితే తెల్లపిల్లకి పడే శిక్ష వేరు, సిప్సీకీ బిగ్ జార్జికీ పడేది వేరని ఇడ్జీకి తెలుసు. అందుకే పాతికేళ్ళు అనుమానం తన మీద మోసింది. అది గొప్ప విషయమే. కానీ సిప్సీ ఎవర్ని ప్రేమించింది? యజమానుల బిడ్డ కోసం మనిషిని చంపిన ఆమెకి తనదంటూ ఏ కోరిక వుండేది? నల్లజాతి కుటుంబాలకి రచయిత్రి విడిగా అధ్యాయాలిచ్చింది గానీ, సిప్సీ మనసుకి మాత్రం వంటింటి గడప దాటనివ్వలేదు. మన దగ్గర కూడా, ఇంగ్లీషు మాట్లాడే నగరపు అమ్మాయికి దొరికే లాయరు, స్నేహితుల గది, వుద్యోగం, కుట్టు షాపులో పనిచేసే దళిత అమ్మాయికి దొరకవు. ఊరు ఆమెకి ఎప్పుడూ కాపలాయే గానీ కాపుదల కాదు. అందుకే ఆమెకి మన ఆఫీసు కావాలి. అందుకే ఆమెని మనం తిరిగి అప్పగించడం ఎక్కువ అన్యాయం.

మొన్న మా మీటింగులో ఈ నవల కథ చెప్పాను. అందరూ పోలీసుల భోజనం దగ్గర పడీ పడీ నవ్వారు. కొంతసేపటికి సీనియర్ కార్యకర్త ఒకామె, "అవునుగానీ అప్పుడు మనం పంపించేసిన ఆ పిల్ల ఏమైందో?" అంది. ఎవరికీ తెలియదు. బీరువాలోంచి 2004 రిజిస్టరు తీశాం. పేజీ దొరికింది. ఆ కాలానికి మేము అచ్చు వేయించుకున్న రిజిస్టర్లో 'సమస్య' అనే గడి కింద మిస్సింగ్ అని వుంది, 'పరిష్కారం' కింద నా అక్షరాలున్నాయి. 'ఆమె కోరుకుంటున్నది' అనే గడి అసలు లేనేలేదు. కొత్త రిజిస్టరుకి మొదటి గడిగా అదే వుండాలని ఆ రోజు రాసుకున్నాం. రెండో అమ్మాయి చిరునామా ఆ పేజీలోనే వుంది. ఆమె ఇంకా ఆ ఊళ్ళోనే వుందో లేదో, వెళ్ళి వెతికితే ఆమెకి మంచి చేస్తామో చెడు చేస్తామో అన్నదాని మీద ఇంకా వాదించుకుంటూనే వున్నాం.